పులుపు గాలి: పదకొండో భాగం

కిందటి వారం రఫూ అక్కను బ్యాటరీల ఫ్యాక్టరీ గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. చంకలో సంచి, చేతిలో గొడుగు, గొంతులో ఇంకా ఎవరినీ అడగని ఒక ప్రశ్న. ఎండ నెత్తికెక్కింది. ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. చిరిగిన బట్టను చిరగనట్టే కలిపి కుట్టడంలో ఆ పేటలో ఆమెకు సాటి లేదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆమె రఫూ అక్కే. ఆమె భర్తను అందరూ మైకు అంటారు. బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టే గదిలో ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివరివాడు చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. అలాంటి గొంతు మొదట బొంగురుపోయింది. జలుబన్నాడు. తర్వాత గరగరలాడింది. దుమ్మన్నాడు. చివరికి గొంతు డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి, మాట పుట్టే పెట్టెలోనే గడ్డ లేచిందని, గురువారం ఆపరేషన్ చేసి ఆ పెట్టె మొత్తం తీసెయ్యాలని చెప్పింది. ప్రాణం నిలిస్తే నిలవచ్చు. మాట మాత్రం పోయినట్టే.

"సిగరెట్లు కాలుస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ముట్టలేదమ్మా, ఎప్పుడూ."

"పనెక్కడ?"

చెప్పాడు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఇన్నేళ్ళూ సల్ఫ్యూరిక్ యాసిడ్ తుంపర పీల్చారన్నమాట. గాలి లాగేసే ఫ్యాన్లు లేవా అక్కడ?"

"ఎందుకు లేవు? గోడ నిండా ఉన్నాయి" అన్నాడు మైకు. అని, ఆవిడ ముఖం చూడలేక జోకొకటి వేశాడు. "ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయినా భయపడకండి డాక్టరమ్మా. మీ దీపాలకి పెట్టిన బ్యాటరీలు మావే!"

డాక్టరమ్మ నవ్వలేదు. రఫూ అక్కా నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఆమె అన్నయ్య ఇంటికొచ్చాడు. ఛార్జింగ్ గదికి పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజరు ఆయనే. మైకును ఆ పనిలో పెట్టించిందీ ఆయనే. మైకు స్థానంలో కూతురు బుజ్జిని తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకుందని, పాసు కూడా తయారైందని, ఎప్పుడొచ్చినా చేరవచ్చని చెప్పాడు. ఏ గదిలో అని అడిగితే అటూ ఇటూ చూసి, "అదే గదిలో" అన్నాడు. ఆ మాట విన్నాక రఫూ అక్కకు ముద్ద దిగలేదు. మర్నాడు మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బయల్దేరి గేటు దగ్గరకొచ్చి నిలబడింది.

ఇక అక్కడి నుంచి.

గేటు కావలివాడు ఆమెను గుర్తుపట్టాడు. వాడి కోటు మోచేతులు రెండూ ఆమె చేతిలో బాగుపడ్డవే.

"ఏంటక్కా, ఇలా వచ్చావు? మైకన్న ఎలా ఉన్నాడు?"

"గురువారం ఆపరేషన్. మా అన్నయ్యతో ఒక్క మాట మాట్లాడాలి తమ్ముడూ."

వాడు లోపలికి తొంగి చూశాడు. అన్నాల వేళ. ఆఫీసు వాళ్ళు మేడెక్కి ఉంటారు. "గబుక్కున వెళ్ళి గబుక్కున వచ్చెయ్. ఎవరన్నా అడిగితే నేను చూళ్ళేదు" అన్నాడు. నాలుగడుగులు వేశాక వెనక నుంచి, "నోటికి కొంగు అడ్డం పెట్టుకో అక్కా!" అని అరిచాడు.

పెళ్ళయిన నాటి నుంచి ఆ ఫ్యాక్టరీ తిండి తింటున్నా రఫూ అక్క ఆ గేటు దాటడం అదే మొదటిసారి. అయినా లోపలంతా తెలిసిన చోటులాగే ఉంది, మైకు రోజూ ఇంట్లో చెప్పిన తీరు అలాంటిది. అదుగో యాసిడ్ ట్యాంకరు, నోరు బిగించుకుని నిలబడింది. అదుగో కలిపే షెడ్డు. నీళ్ళ తొట్టిలోకి సన్నటి ధారగా యాసిడ్ వదులుతున్నాడు రబ్బరు తొడుగుల మనిషి. "నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి గానీ, యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదే. పోశావో, బుస్సుమని మొహం మీదికి ఉమ్ముతుంది" అనేవాడు మైకు, కూతురికి స్నానానికి వేన్నీళ్ళూ చన్నీళ్ళూ కలుపుతూ. బుజ్జి బడి పుస్తకంలో దాని పేరు గంధకికామ్లం. గదిలో పనివాళ్ళు మాత్రం దాన్ని పులుపు అంటారు. పులుపు లేకపోతే ఊళ్ళో బస్సు కదలదు, లారీ కదలదు, పొలానికి ఎరువు రాదు అని మైకు చెబుతుంటే, ఆ పులుపును కనిపెట్టింది తనేనన్నంత గర్వం ఉండేది ఆ మాటలో. మీద పడితే ఏం చెయ్యాలో కూడా ఇంటిల్లిపాదికీ నేర్పాడు. ఆలోచించకూడదు, తుడవకూడదు, కుళాయి కింద దూరాలి. చాలనిపించాక కూడా ఇంకా చాలాసేపు అక్కడే ఉండాలి.

గాలిలో కలిసి గొంతులోకి దిగితే ఏ కుళాయి కింద దూరాలో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఛార్జింగ్ గది తలుపు తోసింది. తొయ్యగానే పళ్ళు పులిశాయి.

గది చాలా పొడుగు. అటూ ఇటూ అరల మీద బ్యాటరీలు, మూతలు తెరుచుకుని, సీసపు పట్టీలతో ఒకదానికొకటి కట్టేసి, బడిలో పిల్లల్లా బారులు తీరి ఉన్నాయి. ప్రతి రంధ్రంలోనూ యాసిడ్ సన్నగా ఉడుకుతున్నట్టు బుడగలు. గదంతా కలిపి ఒకటే సుయ్ మనే చప్పుడు. బుడగ పగిలినప్పుడల్లా కంటికి ఆనని తుంపర పైకి లేస్తోంది. పైకప్పు రేకు సందులోంచి ఎండ పడ్డ చోట మాత్రం అది తెల్లగా, మెల్లగా కదులుతూ కనిపించింది. కిటికీ ఊచలు పొరలు పొరలుగా లేచిపోయి పుల్లల్లా సన్నగా మిగిలాయి. నేల మీద పలకల మధ్య సున్నం కరిగిపోయి పలకలు ఊగుతున్నాయి. నలుగురైదుగురు మగవాళ్ళు తడిగుడ్డలు మూతికి కట్టుకుని తిరుగుతున్నారు. కంపెనీ ఇచ్చిన మాస్కులు గోడకు వేలాడుతున్నాయి. గాలిని వడగట్టే వాటి డబ్బాల్లో మందు ఎప్పుడో చచ్చిపోయింది.

ఆమెకు కళ్ళు మండాయి. గొంతులో ఈక పెట్టి తిప్పినట్టయింది. దగ్గు ఆపుకుంటూ గోడ వైపు చూసింది. డాక్టరమ్మ అడిగిన ఫ్యాన్లు ఉన్నాయి, మైకు అబద్ధమాడలేదు. గోడ నిండా, ఒక్కొక్కటీ బండి చక్రమంత. ఒక్కటీ తిరగడం లేదు. దగ్గరికి వెళ్ళి చూసింది. స్విచ్చులు ఆపి లేవు, వేసే ఉన్నాయి. స్విచ్చుల నుంచి ఫ్యాన్లకు పోయే తీగలు కోసేసి ఉన్నాయి. కోసిన తీగల్ని ఎవరో పొందిగ్గా చుట్ట చుట్టి మేకులకు తగిలించారు. ఆ చుట్టల మీద దుమ్ము గట్టిపడి ఉంది.

"చెల్లీ! నువ్వేంటిక్కడ?"

అన్నయ్య. గది చివర అద్దాల క్యాబిన్ తలుపు తీసుకుని వచ్చాడు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి తలుపు మూశాడు. తలుపు అంచుల చుట్టూ రబ్బరు పట్టీ అతికించి ఉంది. లోపల గాలి కొంచెం నయం.

"కూర్చో. నీళ్ళు తాగు" అంటూ గ్లాసు ముందుకు జరిపాడు. తనూ సీసా ఎత్తి ఓ గుక్క తాగాడు. "ఒక్క ఫోన్ చేస్తే నేనే ఇంటికొచ్చేవాణ్ణి కదా."

"బుజ్జిని ఈ గదిలో వెయ్యొద్దన్నయ్యా. ఇంకెక్కడన్నా వెయ్యి."

"ఎక్కడ?"

"ఎక్కడైనా. ప్యాకింగులో వెయ్యి. బ్యాటరీ పలకలు చేసే దగ్గర వెయ్యి."

"పలకలు చేసే దగ్గర సీసం చెల్లీ." ఆయన కళ్ళు దించుకున్నాడు. "రేపు పెళ్ళయి పిల్లల్ని కనాల్సిన పిల్ల. సీసం ఒంట్లోకి దిగితే ఏమవుతుందో తెలుసా? ఆడపిల్లల్ని అక్కడికి నేనైతే పంపను. ఇక ప్యాకింగు నిండా యజమాని బంధువులే. ఖాళీగా ఉన్నది బావ చోటు ఒక్కటే."

"అయితే ఉద్యోగమే వద్దు."

"వద్దంటే ఇంకేం చేస్తుంది? ఆపరేషన్ అయ్యాక బావ కంపెనీ క్వార్టర్సులో ఉండటానికి లేదు. బుజ్జి పనిలో ఉంటేనే ఆ ఇల్లు మీది. అసలు కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. మీ మంచికేనే!"

"తెలుసు" అంది. నిజంగానే తెలుసు. చిన్నప్పటి నుంచి తన మంచి తప్ప మరొకటి కోరని మనిషి. అందుకే ఆ తర్వాతి మాట అనడానికి నోరు రాలేదు. అయినా అడిగింది. "ఆ ఫ్యాన్ల తీగలు ఎవరు కోశారు?"

ఆయన సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"అన్నయ్యా, నిన్నే."

"నేనే."

ఆమె నీళ్ళ గ్లాసు పక్కకు జరిపేసింది.

"ఎందుకు కోశావని అడుగు" అన్నాడు ఆయన. అడగలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు.

ఫ్యాన్లు లాగిన గాలిని బయటికి పంపే గొట్టం ఇనుపది. పులుపు దాన్ని లోపల్నుంచి తినేసింది. చిల్లులు పడి చుక్కలు చుక్కలుగా ఆవరణలో కారేది. గోడ అవతల ఇళ్ళవాళ్ళు ఆరేసుకున్న బట్టలు జల్లెడలయ్యాయి. వాళ్ళు గేటు మీదికి వచ్చారు. కొత్తగా ప్లాస్టిక్ గొట్టం వేయించాలి, అంతవరకు గది మూసెయ్యాలి లేదా ఫ్యాన్లు ఆపెయ్యాలి అని తేలింది. ఫ్యాన్లు ఆపితే పని చేసేది లేదని మనుషులంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నేనూ వాళ్ళతోనే నిలబడ్డానే. ఒట్టు. అప్పుడు యజమాని గదిలోకి వచ్చాడు. పాతాయన, పోయాడులే. అందర్నీ వదిలి తిన్నగా బావ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. 'చలికాలం లోపల కొత్త గొట్టం వస్తుంది, నా మాట నమ్ము' అన్నాడు. బావ నమ్మాడు. యాసిడ్ డబ్బాలు పెట్టే చెక్కపెట్టె ఎక్కి నిలబడి..." ఆయన ఆగి గుటక మింగాడు. "ఆ గొంతు నీకు తెలుసు కదా. ఈ గది మూసేస్తే మళ్ళీ తెరవరురా అన్నాడు. కొన్నాళ్ళు ఓర్చుకుందాం, గొట్టం తెప్పించే పూచీ నాది అన్నాడు. మధ్యలో ఏదో జోకు కూడా వేశాడు, అందరూ నవ్వారు. చేతులు కట్టుకున్నవాళ్ళు చేతులు విప్పారు. నాతో 'కోసెయ్ బావా' అన్నాడు. కోసేశాను."

రఫూ అక్క అద్దం వైపు తిరిగింది. అద్దం అవతల ఒకడు తడిగుడ్డ కిందికి లాగి ఉమ్మి మళ్ళీ కట్టుకున్నాడు.

"యజమాని మాట బావకిచ్చాడు. బావ ఆ మాటని తన గొంతుతో మాకిచ్చాడు" అన్నాడు అన్నయ్య. "చలికాలం వచ్చింది. గొట్టం రాలేదు. బావ మేడెక్కి అడిగాడు. మళ్ళీ అడిగాడు. పెద్దాయన పోయాక కొడుకుని అడిగితే, ఏ గొట్టం అన్నాడు. ఆ తర్వాత మావాళ్ళలో మేనత్త కొడుకు అని పిలిచేవాళ్ళమే, నల్లగా పొడుగ్గా ఉండేవాడు, వాడి గొంతు పోయింది. ఊరెళ్ళి పడుకున్నాడు, లేవలేదు. వాడి తర్వాత మాతో పనిచేసే ముసలాయన పోయాడు. బావ ఇద్దరిళ్ళకీ వెళ్ళొచ్చాడు. వచ్చాక రెండేసి రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

ఆ రోజులు ఆమెకు గుర్తున్నాయి. అలసిపోయాడనుకుంది. వేడినీళ్ళు కాచి పెట్టింది. మీ బ్యాటరీ అయిపోయినట్టుందే అని వేళాకోళమాడింది కూడా. ఇప్పుడు ఆ వేళాకోళం నోట్లో చేదుగా తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. అడిగింది అన్నయ్యను కాదు. కానీ అక్కడున్నది ఆయనే.

"చెబితే ఏం చేసేదానివి? నువ్వు చొక్కాలకి రఫూ చేస్తావు గానీ..." అని మధ్యలో ఆపేశాడు.

ఆమె కొంగుతో కళ్ళు వత్తుకుంది. "సరే, అయిందేదో అయింది. డాక్టరమ్మ మా ఇద్దరికీ ఒక మాట చెప్పింది. ఈ గదిలో గాలి ఎలా ఉందో గదిలో పనిచేసేవాళ్ళే ఎవరన్నా వచ్చి నోరు విప్పి చెబితే, ఆవిడ ఫ్యాక్టరీలు తనిఖీ చేసే పైవాళ్ళని పిలిపిస్తుందట. వాళ్ళొచ్చి గాలి పరీక్ష చేస్తారట. నాతో రా. ఇప్పుడే పోదాం. నువ్వు సూపర్‌వైజరువి, నీ మాటకి విలువుంటుంది."

"వచ్చి?"

"వచ్చి నిజం చెప్పు."

"చెబితే గది మూసేస్తారు."

"మూసెయ్యనీ!"

"మూసేస్తే వీళ్ళంతా ఎక్కడికి పోతారే? ఆ మూలనున్నాడే, వాడి పెళ్ళాం నిండు నెలలతో ఉంది. ఈ ఊళ్ళో పనంటే ఈ గోడ లోపలే పని. బావ ఆ రోజు పెట్టె ఎక్కి అన్న మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మూస్తే తెరవరు."

"అంటే నీ మేనకోడలు కూడా ఇక్కడే కూర్చుని..."

"నన్నేం చెయ్యమంటావే!" అని అరిచాడు.

అరవబోయాడు అనాలి. ఆ రెండు మాటలే పైకి వచ్చాయి. మిగతావి గొంతులో ఎక్కడో విరిగిపోయి గాలిగా బయటపడ్డాయి. పెదవులు మాత్రం కదిలాయి. ఆయన చెయ్యి తనంతట తనే మెడ దగ్గరకు పోయింది.



రఫూ అక్క లేచి ఆయన ఎదుట నిలబడింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదురు పట్టుకుని చూసినట్టు, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. ఆయన నోరు తెరిచాడు. ముందుపళ్ళు ఆకురాయితో గీసినట్టు సగం అరిగిపోయి, అంచులు గాజులా పల్చబడి ఉన్నాయి. ఈయన నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకు అప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"బావ కంటే కొంచెం వెనక" అన్నాడు, గుసగుసగా.

"డాక్టరుకి చూపించుకున్నావా?"

తల అడ్డంగా ఊపాడు. "చూపిస్తే పేరు పెడతారు. పేరు పెట్టాక ఇంటికి పంపేస్తారు."

"వదినకి తెలుసా?"

"చెప్పకు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు."

ఆమె వచ్చింది పోట్లాడటానికి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. ఇప్పుడు ఆ మాటల్ని ఎవరి మీద విసరాలో తెలియలేదు. యజమాని మీద విసురుదామంటే మాట ఇచ్చినవాడు మట్టిలో కలిశాడు, కొడుక్కి ఆ మాటే తెలియదు. అన్నయ్య మీద విసరాలంటే ఆయన ముఖంలో రాబోయే గురువారం కనిపిస్తోంది. మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరి దగ్గర బదులు చెప్పడానికి గొంతు ఇంకెంతో మిగల్లేదు.

"బుజ్జి సంగతి ఏం చేస్తావు?" అంది చివరికి.

"గురువారం గడవనీ" అన్నాడు. "అంతవరకు దాన్ని ఈ తలుపు దాటనివ్వను. తర్వాత ఏదో ఒకటి ఆలోచిద్దాం. ఈ క్యాబిన్‌లోనే కూర్చోబెడతాను, ఏదో ఒక పని కల్పించి. రబ్బరు పట్టీ ఉంది కదా తలుపుకి."

ఆ రబ్బరు పట్టీ లోపల కూర్చున్న మనిషి గొంతు ఏమయిందో ఇద్దరూ ఇప్పుడే చూశారు. అయినా ఆమె తలూపింది. పట్టుకోవడానికి ఇంకేమీ లేనప్పుడు మనిషి రబ్బరు పట్టీనైనా పట్టుకుంటాడు.

బయటికి నడుస్తుంటే తడిగుడ్డల వాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. ఒకడు గుడ్డ దించి, "మైకన్నని అడిగానని చెప్పక్కా. ఆయన లేకపోతే గది మూగపోయింది" అన్నాడు. మంచికే అన్నాడు. వాడి గొంతు కూడా బొంగురుగా ఉందో, తనకే అలా వినిపించిందో ఆమె తేల్చుకోలేకపోయింది.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. డ్రైవరు తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమంది. అడుగున ఎక్కడో ఉండే ఉంటుంది బ్యాటరీ, మైకు చేతి మీదుగా పోయిందేనేమో. దారిలో డాక్టరమ్మ దగ్గర దిగిపోదామా అనుకుంది. తీగల సంగతి తనే చెప్పెయ్యవచ్చు. కానీ గదిలో పనిచేసేవాళ్ళే చెప్పాలందావిడ. ఒక్కసారి తలుపు తోసి చూసొచ్చిన కుట్టుపని మనిషి మాట ఎవరు లెక్కచేస్తారు? చెబితే ముందు అడిగేది కోసిందెవరనే. కోసింది అన్నయ్య. కొయ్యమంది మొగుడు. ఇద్దర్నీ తన నోటితో తనే పట్టిచ్చి, వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చోవాలి. ఆసుపత్రి వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె లేవలేదు.

కంపెనీ క్వార్టర్సు ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఒక్కలాగే ఉంటాయి. ముందొక గది, వెనకొక గది, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఆమె వచ్చేసరికి మైకు ముందుగదిలో కుట్టుమిషను పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మాటలు పొదుపుగా వాడమని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండటం లేదు. పూర్వం వీధి మలుపు తిరగ్గానే ఆయన గొంతు వినపడేది. లోపల ఎవరిని ఆటపట్టిస్తున్నాడో కూడా తెలిసేది. ఇప్పుడు ఆమె చెప్పులు విప్పిన చప్పుడుకు తలెత్తి చూశాడు, అంతే.

"బుజ్జి ఏదీ?" అంది, గొడుగు మూల పెడుతూ.

ఆయన మిషను మీది సగం కుట్టిన చొక్కా మడత సర్దాడు.

వెనకగదిలోకి వెళ్ళి చూసింది. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె, మూత తియ్యకుండా అలాగే ఉంది. తిరిగి వస్తూ వీధి తలుపు వెనక్కి చూసి ఆగిపోయింది. అక్కడ కొయ్యకు ఎప్పుడూ వేలాడే రబ్బరు ఏప్రాన్ లేదు. దాని కింద గోడకానించి ఉండే రబ్బరు బూట్లు లేవు. మైకు జబ్బుపడి సెలవు పెట్టినప్పటి నుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

"బుజ్జి ఏదండీ?"

"రెండో షిఫ్టు" అన్నాడు మైకు.

గరగరమనే ఆ రెండు మాటలు అర్థమవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. పొద్దుటి షిఫ్టుకే అన్నయ్య సూపర్‌వైజరు. రెండో షిఫ్టు మనిషి వేరే. పిల్ల ఆ తలుపు దాటకుండా అడ్డుపడటానికి అక్కడ ఎవరూ ఉండరు. తను ఒక బస్సులో ఇటు వస్తుంటే పిల్ల ఇంకో బస్సులో అటు పోయింది.

"ఎవరు పంపారు? పాసు ఎవరిచ్చారు?"

"పాసు మీ అన్న నిన్ననే ఇచ్చిపోయాడు. పంపింది నేను."

ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కొట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియని చేతులు.

"నేనిప్పుడు అక్కణ్ణుంచే వస్తున్నాను" అంది. "గది చూశాను. తీగలు కోసేసి మేకులకి తగిలించారు. అన్నయ్య అంతా చెప్పాడు. మీరు పెట్టె ఎక్కి ఏమన్నారో చెప్పాడు. కోసెయ్ బావా అన్నారట. నవ్వించారట కూడా! ఇద్దరు పోయారు. మూడో మనిషి మీరు. మా అన్నయ్య గొంతు..." అక్కడ ఆగింది. చెప్పకని అన్నయ్య బతిమాలిన సంగతి గుర్తొచ్చింది.

"తెలుసు. మీ అన్నది కూడా పోతోంది" అన్నాడు మైకు.

"అన్నీ తెలుసు మీకు! మొదటి నుంచీ అన్నీ తెలుసు! నా దగ్గర దాచారు, సరే. మీ ప్రాణం మీదికి తెచ్చుకున్నారు, అదీ సరే. కానీ కడుపున పుట్టినదాన్ని... కళ్ళతో చూస్తూ చూస్తూ..." ఆమె గుమ్మం వైపు తిరిగి చెప్పుల కోసం చూసింది. "నేను పోయి తీసుకొచ్చేస్తాను. గేటు దగ్గర కూర్చుని ఏడుస్తాను. ఇల్లు పోతే పోనీ."

ఆయన చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. జబ్బుమనిషి పట్టులా లేదు అది. యాసిడ్ చుక్కలకు మచ్చలు పడ్డ ఆ చెయ్యి ఆమెను మెల్లగా లాగి మిషను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

"కూర్చో. గురువారం లోపల నీకు చెప్పాల్సింది ఒకటుంది. మళ్ళీ మళ్ళీ చెప్పలేను."

"నాకేం చెప్పొద్దు. ఒక్కదానికి బదులు చెప్పండి చాలు. ఫ్యాన్లు తిరగడం లేదని తెలిసే పంపారా?"

మైకు గుటక మింగాడు. మింగడానికి పడ్డ బాధ ముఖమంతా పాకి, మెల్లగా దిగింది. తర్వాత భార్య కళ్ళలోకి తిన్నగా చూశాడు.

"తిరగడం లేదనే పంపాను."